ఉమ్మివేయవలసిన రుచి

రాష్ట్రంలో మద్యం నిషేధించిన రెండో ఏడు, ప్రభుత్వ ఆతిథ్య కళాశాలలో పానీయాల పాఠం చెప్పే జోగారావును ఉన్నపళంగా ఎక్కడో కొండల్లో ఉన్న కార్యాలయానికి బదిలీ చేశారు. ఆయన చేసిన తప్పల్లా ఒక్కటే. ఆయనకు పాఠం వచ్చు.

తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు వెనక బెంచీ మీద కూర్చుని విన్నారు. ఫ్రెంచి వాళ్ల ఎర్ర వైను ఇరవై ఏళ్లు నిలవుంటే దాని వగరు ఎలా మెత్తబడుతుందో జోగారావు కళ్లు అరమూసుకుని వర్ణిస్తున్నాడు. అధికారి ఆ కళ్లు అరమూయడాన్ని రాసుకున్నారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

"రుచి తెలియుట యనగా రుచి చూచియుండుట. రుచి చూచియుండుట యనగా సేవించియుండుట. సదరు ఉపన్యాసకునకు విషయ పరిజ్ఞానము గలదని రుజువైనందున, ఆ విషయమును బోధించుటకు అతడు అనర్హుడు."

ఇకమీదట ఆ పాఠం చెప్పబోయేవారు, దాని రుచి తామెన్నడూ ఎరగమని స్టాంపు కాగితం మీద రాసి సంతకం చేయాలని కూడా అందులో ఉంది.

కళాశాల మొత్తం మీద ఆ కాగితం మీద ధైర్యంగా సంతకం పెట్టగలిగినవాడు ఒక్కడే తేలాడు. అతని పేరు లంకలపల్లి తవిటయ్య. నలభై నాలుగేళ్ల మనిషి. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి హోటలు గదుల్లో పరుపు మీద దుప్పటి మూలలు మడవడం నేర్పుతున్నాడు. వైను మాట అలా ఉంచండి, కల్లు కూడా ముట్టలేదు. దగ్గు మందు తాగితే తల తిరిగేది.

ప్రిన్సిపాల్ విశ్వపతి గారు అతన్ని పిలిపించారు.

"తవిటయ్యా, ఈ సబ్జెక్టులో నీకు ఏ అర్హతా లేదని స్టాఫంతా చెబుతున్నారు. నిజమేనా?"

"నిజమేనండి."

"బొత్తిగా?"

"బొత్తిగానండి."

"అభినందనలు. రేపటినుంచి క్లాసు తీసుకో."

ఇక్కడ ఒక చిక్కుంది. పరీక్ష పెట్టేది మన రాష్ట్రం కాదు, దేశ రాజధానిలో ఉన్న పరిషత్తు. వాళ్ల పాఠ్యప్రణాళికలో ఏడో పేపరు ప్రాక్టికల్ నలభై మార్కులు. "ఏళ్ల తరబడి నిలవకు ఆగే ఫ్రెంచి ఎర్ర వైనును చూసి, వాసన పట్టి, రుచి చూసి, దాని గుణాలు చెప్పవలెను." అది తప్పితే డిప్లొమా లేదు. మాకు నిషేధం ఉంది, ఆ ప్రశ్న తీసేయండి అని కళాశాల రాస్తే, ప్రణాళిక పదేళ్లకొకసారి మారుతుందనీ, పోయిన ఏడే మార్చామనీ పరిషత్తు జవాబిచ్చింది.

క్లాసులో పన్నెండు మంది. సెప్టెంబరులో ఓడల కంపెనీ వాళ్లొచ్చి, డిప్లొమా ఉన్నవాళ్లను భోజనశాలల్లో పనికి ఎంచుకుంటారు. అందుకే అందరూ ఆ కోర్సులో చేరారు. వాళ్లలో కోరాడ నీలవేణి ఒకతి. భీమిలి రేవులో చేపలు ఎండబెట్టి అమ్మే ఇంటి పిల్ల. ఆ ఇంట్లో సముద్రం మీదికి వెళ్లినవాళ్లందరూ మగవాళ్లు, వాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు. తను జీతం తీసుకుంటూ వెళ్లి, సెలవు మీద తిరిగి వస్తానని అమ్మకు మాటిచ్చింది.

తవిటయ్య లైబ్రరీకి వెళ్లి, జోగారావు గీతలు గీసిన పుస్తకం తీసుకుని చదివాడు. మంచి ఫ్రెంచి ఎర్ర వైను కొత్తలో నోరు బిగించేసేంత వగరుగా ఉంటుందట. సీసాలో పడుకోబెట్టి ఇరవై, ముప్పై ఏళ్లు ఓపిక పడితే ఆ వగరు పట్టుబట్టలా జారుతుందట. అందులో నల్ల కరెంటు పండు, పొగాకు, తోలు, పెన్సిలు చెక్కు, వానకు తడిసిన అడవి నేల కనిపిస్తాయట. తవిటయ్య ఆ వరస రెండుసార్లు చదివాడు. అందులో తాగే వస్తువు ఒక్కటీ లేదు.

మర్నాడు వంటశాలకు వెళ్లి పైడమ్మను అడిగాడు. పైడమ్మ అక్కడ ఇరవై రెండేళ్లుగా సహాయకురాలు. పులుసు గరిటెడు నాలిక మీద వేసుకుని, చింతపండు ఏ కొట్లోదో చెప్పేది. మధ్యాహ్నం పూట పెరటి మెట్ల మీద కూర్చుని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది.

"పైడమ్మా, కరెంటు పండంటే తెలుసా?"

"ముట్టుకుంతే కొడతాదేటి బావూ?"

"కాదు. నల్లగా, పుల్లగా ఉంటుందట. నోరంతా రంగు తేలుతుందట."

"నేరేడు పండు అని సెప్పక, ఎందుకంత డొంకతిరుగుడు?"

తవిటయ్య పుస్తకంలో ఆ మాట పక్కన నేరేడు అని రాసుకున్నాడు. "ఇంకోటి. చిగుళ్లు పట్టేసే వగరు. పచ్చి వగరు కాదట. ముదిరి, నెమ్మదించిన వగరు."

పైడమ్మ చుట్ట తీసి ఆలోచించింది. "కరక్కాయ. దంచి, రాత్రంతా నానేసి, పైతేట తియ్యాల. అడుగుది ముట్టుకుంతే నోరు సచ్చిపోద్ది." ఆ తరవాత అడిగింది. "ఇంకేటున్నాయి అందల?"

"పొగాకు."

ఆవిడ నవ్వింది. "అది నాను సూసుకుంతాను."

మూడు రోజుల్లో ఇద్దరూ కలిసి ఒక కుండ సిద్ధం చేశారు. నేరేడు రసం, కరక్కాయ తేట, రవ్వంత ఉప్పు. చుట్టాకు పైడమ్మ ఇచ్చింది. తోలు ముక్క కోసం తవిటయ్య కళాశాల గేటు బయట చెప్పులు కుట్టే అతన్ని బతిమాలాడు. పెన్సిలు చెక్కు ఇంట్లోనే దొరికింది. ఆ వారమే తొలకరి పడింది గనక, తడి మట్టి కొబ్బరిచిప్పలో పట్టాడు. వాసన వస్తువులు వేరువేరు గుడ్డల్లో మూటలు కట్టి, కళ్లు మూసుకుని వాసన చూసి, ఒక గుక్క పుచ్చుకుని, ఏది ఎక్కడ తగులుతోందో చెప్పమన్నాడు. మొదటి రోజు పిల్లలు నవ్వారు. వారానికి నవ్వు ఆగింది. రెండు వారాలకు, కుండలో కరక్కాయ ఎక్కువైన రోజు వాళ్లే చెప్పసాగారు.

నిలవ గురించి చెప్పడానికి పైడమ్మ తన ఇంటి నుంచి మూడు చింతపండు ముద్దలు తెచ్చింది. ఈ ఏటిది, నిరుటిది, ఆరేళ్లనాటిది. మూడోది తారులా నల్లగా ఉంది. పిల్లలు వరసగా నాలిక మీద పెట్టుకున్నారు.

"ఏం తేడా?" అన్నాడు తవిటయ్య.

నీలవేణి మూడో ముద్ద ఇంకోసారి నాలికకు రాసుకుంది. "కొత్తది కేకలేత్తంది సార్. పాతది నెమ్మదిగా సెప్తంది. కానీ సెప్పేది ఎక్కువుంది."

ఆ సాయంత్రం తవిటయ్య ఇంటికి వెళ్లి, తను ఎన్నడూ ముట్టని, ముట్టబోని ఒక వస్తువు మీద తనకు ఇంత ప్రేమ ఎందుకు పుడుతోందా అని భార్యను అడిగాడు. అందుకే పుడుతోందని ఆవిడ అంది.

జులైలో శాఖ జాయింట్ డైరెక్టర్ తాడిమళ్ల సర్వోత్తమరావు గారు వచ్చారు. జోగారావు కళ్లు అరమూయడాన్ని రాసుకున్నది ఆయనే. క్లాసులో మూటలు చూశారు, కుండ చూశారు. మద్యం లేకుండా మద్యపాఠం జరగడం ఆయనకు ఎంతో నచ్చింది.

"ఇది యావత్ దేశానికీ ఆదర్శం. అయితే ఈ రుచికి ఆమోదం ఉన్నదా?"

"ఆమోదం అంటే ఏమిటండి?" అన్నాడు తవిటయ్య.

"అదే, లేదన్నమాట."

తొమ్మిది మందితో సంఘం ఏర్పడింది. మొదటి సమావేశంలో పొగాకు పోయింది, విద్యాసంస్థలో పొగాకు కూడదు గనక. తోలు వల్ల కొందరి మనోభావాలు దెబ్బతినవచ్చన్నారు. అడవి నేల తేవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. పెన్సిలు చెక్కు ప్రాథమిక విద్య పరిధిలోకి వస్తుందని ఒక సభ్యుడు నిబంధన చూపించాడు. కరక్కాయ మందు దినుసు, వైద్యుడి చీటీ లేకుండా ఇవ్వరాదు. నేరేడు ఒక్కటే మిగిలింది. దానికి కాలం అయిపోయింది. చివరికి సంఘం సుగంధి షర్బతులో ఎరుపు రంగు కలిపి, ఏకగ్రీవంగా ఆమోదించి, ఒక్కొక్క గ్లాసు పుచ్చుకుంది.

"ఇందుమూలముగా ఫ్రెంచి ఎర్ర వైను రుచి పై విధముగా నిర్ణయించడమైనది" అని సర్క్యులరు వచ్చింది.

తవిటయ్య ఆ షర్బతు రుచి చూసి, సర్వోత్తమరావు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇది తియ్యగా ఉందండి. ఆ వైను తియ్యగా ఉండదని పుస్తకంలో ఉందండి."

"మీరు వైను రుచి చూశారా?"

"లేదండి."

"నేనూ చూడలేదు. ఇద్దరమూ చూడనప్పుడు హోదాని బట్టి నిర్ణయం."

"మరి అది పాతది కావాలి కదండీ. ఇరవై ఏళ్లయినా నిలవుండాలి. ఇది నిన్న వచ్చింది."

సర్వోత్తమరావు గారు జాలిగా చూశారు. "పాతబడటం అంటే ఏమిటి తవిటయ్యా? సర్వీసు. సర్వీసు లెక్కగట్టేది ఎవరు? శాఖ. మనుషులకే వెనకటి తేదీనుంచి సీనియారిటీ ఇస్తున్నాం, సీసాలకి ఇవ్వలేమా?"

నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. కళాశాలకు వచ్చిన ఇరవై నాలుగు షర్బతు సీసాలూ 1970 నుంచి సర్వీసులో ఉన్నట్టు భావించాలి. వాటిలో ఒకటి దింపేటప్పుడు అంచు పగిలింది. దాని సీనియారిటీ మాత్రం, సంజాయిషీ అందే వరకు నిలిపి ఉంచారు.

తవిటయ్య సర్క్యులరును కాదనే మనిషి కాదు. పుస్తకాన్ని కాదనే మనిషీ కాదు. పొద్దుటి గంటలో తరగతి గదిలో షర్బతు పోసి, ఇది ప్రభుత్వపు రుచి అని చెప్పేవాడు. మధ్యాహ్నం వంటశాలలో పైడమ్మ ఎండబెట్టి దాచిన నేరేడు తొక్కలతో కుండ కలిపి, ఇది పుస్తకపు రుచి అనేవాడు.

"పరీక్షలో ఏది సెప్పాల సార్?" అని నీలవేణి అడిగింది.

"నోటికి ఏది తగిలితే అది చెప్పమ్మా. తగలనిది చెప్పకు. నాకు తెలిసింది అంతే."

ఆగస్టు ఇరవై ఎనిమిదిన పరిషత్తు పరీక్షకుడు వచ్చాడు. పేరు మైకేల్. ఈ పట్నంలోనే పాత పేటలో పుట్టి, ముప్పై ఏళ్లు ఓడల్లో దొరలకు వైను వడ్డించి, తల నెరిసి ఇంటికి చేరినవాడు. ఆయన చంకలో చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒక సీసా తెచ్చాడు. 1970 నాటి నిజమైన ఫ్రెంచి ఎర్ర వైను. దానితోపాటు నాలుగు ముద్రలున్న అనుమతి పత్రం. సాయంత్రం ఆరుకు దాని గడువు తీరుతుంది. ఆ తరవాత సీసాలో మిగిలినది పంచుల సమక్షంలో మురిక్కాలవలో పోయాలి. అందులో మూడో షరతు ఇది.

"సదరు ద్రవమును నోటియందు పుచ్చుకొనవచ్చును. మింగరాదు. పుచ్చుకొనిన పరిమాణమును తిరిగి అప్పగింపవలెను."

అప్పగింత చూడటానికి ఆబ్కారీ హెడ్డు కానిస్టేబుల్ అప్పలకొండ, గీతలున్న గాజు గొట్టం ఒకటి ఎక్కడో ఎరువు తెచ్చుకుని గది మూల కూర్చున్నాడు. సర్వోత్తమరావు గారు పరీక్షకుడి పక్క కుర్చీలో కూర్చున్నారు.

మైకేల్ బిరడా తీశాడు. అది సగం నల్లబడి ఉంది. అడుగు మడ్డి కదలకుండా, నిదానంగా పన్నెండు గ్లాసుల్లో పదిహేనేసి మిల్లీలీటర్లు వంచాడు. రంగు మధ్యలో ముదురు ఎరుపు, అంచు దగ్గర పాత ఇటుక. పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. ముందు వచ్చిన ముగ్గురూ గ్లాసు వంక కాక సర్వోత్తమరావు గారి వంక చూసి, సుగంధి అన్నారు. మైకేల్ తల వంచుకుని సున్నాలు వేశాడు.

నాలుగోది నీలవేణి. గ్లాసు తిప్పింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, ఒక గుక్క తీసుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపటికి గాజు గొట్టంలో ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ముందు నేరేడు సార్. సెట్టుమీదది కాదు, రాలి ఒక్కరోజు నేలమీదున్నది. ఎనకాల సుట్టాకు వాసన. కాల్చింది కాదు, మడత ఇప్పినప్పుడు వొచ్చేది. కొత్త సెప్పుల తోలు పిసరంత. తడిమట్టుంది. వగరు చిగుళ్లని పట్టుకుంతంది గానీ, గిల్లట్లేదు."

"ఎన్నాళ్లదనుకుంటున్నావు?" మైకేల్ ముందుకు వంగి అడిగాడు.

"ఇరవై దాటుంటాది. ఇంకో పదేళ్లు ఉంచొచ్చు సార్. వగరింకా బతికుంది."

మైకేల్ నలభైకి నలభై వేశాడు. ఆమె బయటికి వెళ్లి ధైర్యం చెప్పింది కాబోలు, తరవాత వచ్చిన ఎనిమిది మందీ గ్లాసు వంకే చూశారు, నోటికి తగిలిందే చెప్పారు.

పరీక్ష ముగిశాక అప్పలకొండ లేచి నిలబడ్డాడు. మొహం కంగారుగా ఉంది.

"అయ్యా, లోపలికెల్లింది నూటెనబై. బయటకొచ్చింది రెండొందల ముప్పయ్యొకటి. యాభయ్యొక్క మిల్లీలీటర్లు ఎక్కువొచ్చీసింది. రూలు ప్రకారం ఇది ఈ ఆవరణలో తయారైన సరుకండి."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలో జారిపోయారు. "అది పిల్లల నోటి ఊటయ్యా."

"పర్మిట్టులో నోటి ఊట లేదు కదండీ."

సర్వోత్తమరావు గారు ఆ గొడవ పట్టించుకోలేదు. ఆయన మరో లెక్కలో ఉన్నారు. తొమ్మిది మంది విద్యార్థులు సర్క్యులరుకు విరుద్ధమైన రుచి చెప్పారు. అది నిజమైన రుచి అని పరీక్షకుడు ధ్రువపరిచాడు. నిజమైన రుచి తెలిసిందంటే, ఎక్కడో తాగారన్నమాట. అందరికన్నా బాగా చెప్పింది నీలవేణి గనక, అందరికన్నా ఎక్కువ తాగింది ఆమే. మార్కులు పరిషత్తువి, వాటి జోలికి పోలేరు. కానీ సత్ప్రవర్తన పత్రం కళాశాలది, అది లేకపోతే ఓడ ఎక్కనివ్వరు.

గడువు ఆరింటికి గనక, నాలుగింటికే విచారణ మొదలైంది. నీలవేణి తలుపు దగ్గర నిలబడింది. ఏడవలేదు.

"నేనే నేర్పానండి," అన్నాడు తవిటయ్య. "పైడమ్మా, నేనూ కలిసి, వంటశాలలో. కుండలో."

"మీరు ఆ రుచి ఎన్నడూ ఎరగరని స్టాంపు కాగితం మీద రాశారు."

"ఎరగనండి."

"ఎరగనివాడు ఎలా నేర్పుతాడు? మీరు నేర్పి ఉంటే మీరు తాగారు. మీరు తాగకపోతే మీరు నేర్పలేదు, అమ్మాయి తాగింది. ఇందులో మూడో మార్గం శాఖకు కనిపించడం లేదు." ఆయన రెండు గ్లాసులు ముందుకు జరిపారు. ఒకదానిలో ఆమోదం పొందిన షర్బతు, రెండోదానిలో మైకేల్ సీసాలోది. "రెండూ రుచి చూసి ఏది ఫ్రెంచి వైనో చెప్పండి. గుర్తుపట్టలేకపోతే మీ కాగితం నిజం. మీ ఉద్యోగం మీకుంటుంది."

ప్రిన్సిపాల్ గారు తవిటయ్య చెవి దగ్గరికి వంగారు. "షర్బతు చూపించవయ్యా. సర్క్యులరు ప్రకారం అదే వైను. అబద్ధం కూడా అవదు."

తవిటయ్యకు అది అర్థమైంది. భార్య, ఇద్దరు పిల్లలు, కళాశాల వెనక రెండు గదుల క్వార్టరు అన్నీ గుర్తొచ్చాయి. షర్బతు తాగాడు. తియ్యగా ఉంది. రెండో గ్లాసు తీసుకున్నాడు. నలభై నాలుగేళ్లలో మొదటిసారి.

మొదట చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. తరవాత పులుపు నాలిక పక్కల్ని తట్టింది. దాని వెనకే నేరేడు వచ్చింది. పైడమ్మ కుండలో, మూటల్లో నేరేడు, కరక్కాయ, పొగాకు దేనికది విడివిడిగా ఉండేవి, పెళ్లి పందిట్లో ఇరుపక్కల బంధువుల్లా. ఇందులో అవి పాతికేళ్లు ఒక ఇంట్లో కాపురం చేసినట్టు ఉన్నాయి. ఎవరి గొంతు ఎవరిదో తెలియడం లేదు. వగరు చిగుళ్ల మీద చెయ్యి వేసి, కాసేపు ఉండి, తీసేసింది. పొద్దుట తెరిచిన సీసాకు గాలి తగిలింది కదా, అడుగునుంచి తడిమట్టి వాసన లేచింది, దాంతోపాటు పుస్తకంలో లేనిదేదో ఒకటి. ఎండిన గులాబీ రేకులనుకున్నాడు. ఏ పుస్తకమూ చెప్పలేదు, పైడమ్మ కలపలేదు. తనంతట తను కనిపెట్టాడు. ఆ సంతోషంలో గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయాడు. అర నిమిషం దాటినా రుచి పోలేదు.

"ఉమ్మండి బావూ," అని అప్పలకొండ గాజు గొట్టం పట్టుకుని అన్నాడు.

తవిటయ్య ఉలిక్కిపడ్డాడు. నోరు ఖాళీగా ఉంది.

"మింగేశానండి," అన్నాడు.

అప్పలకొండ కాగితం తీసి ఏదో కూడాడు. "పోనీలెండి. పదిహేను లోపలికెళ్లి మరి రాలేదు. ఇప్పుడు ఎక్కువొచ్చింది ముప్పయ్యారే."

"ఏది వైను?" అన్నారు సర్వోత్తమరావు గారు.

తవిటయ్య తలుపు వంక చూశాడు. నీలవేణి అతని మొహాన్నే చూస్తోంది. రెండో గ్లాసు చూపించాడు. "ఇదండి. అమ్మాయి చెప్పినవన్నీ ఉన్నాయి. ఎండు గులాబీ కూడా ఉందండి, అది మేం నేర్పలేదు. అమ్మాయి చెప్పలేదంటే, మేం నేర్పినంతే తనకు తెలుసునన్నమాట."

మైకేల్ మెల్లగా తల ఊపాడు. "నిజమే. గులాబీ ఉంది. పొద్దుట లేదు, ఇప్పుడే లేచింది."

సర్వోత్తమరావు గారు మైకేల్ చివరి మాట వదిలేసి కాగితం ముందుకు లాక్కున్నారు. అమ్మాయి జ్ఞానం అంతా ఉపన్యాసకుడి ద్వారా సక్రమ మార్గంలో అందినట్టు, గులాబీ అందకపోవడమే అందుకు సాక్ష్యమైనట్టు రాసుకున్నారు. సత్ప్రవర్తన పత్రం మీద సంతకం పెట్టారు. నీలవేణి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తవిటయ్య వైపు ఒక అడుగు వేసింది.

"వెళ్లమ్మా," అన్నాడతను.

ఆరింటికి సీసాలో మిగిలింది మురిక్కాలవలో పోశారు. మైకేల్ అటు తిరిగి నిలబడ్డాడు. గ్లాసులు కడగడానికి పైడమ్మకు ఇచ్చారు. సీసా అడుగున మడ్డి మిగిలింది. అది ద్రవం కాదు గనక పర్మిట్టు పరిధిలోకి రాదని అప్పలకొండ చెప్పాడు. పైడమ్మ వేలితో ఆ మడ్డి తీసి నాలికకు రాసుకుంది. చాలాసేపు కుళాయి తిప్పలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు తవిటయ్య.

"మనకి సీసాల దాసడానికి ఇరవయ్యేళ్లు లేవు గానీ బావూ," అందావిడ, "ఉంతే మనమూ సేద్దుం."

పదిహేను రోజులకు తవిటయ్యకు ఉత్తర్వు అందింది. మొదటి అభియోగం, పూర్వం సేవించెనని. గ్లాసు ఎత్తినప్పుడు అతని మొహంలో కనిపించిన ఆశ్చర్యాన్ని బట్టి అది రుజువు కాలేదు. రెండో అభియోగం, ఆగస్టు ఇరవై ఎనిమిది సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, పనివేళల్లో, ప్రభుత్వ ఆవరణలో, విచారణాధికారి ఎదుట మద్యం మింగెనని. ఇది సంపూర్ణంగా రుజువైంది. మింగమని ఎవరూ చెప్పలేదు, పుచ్చుకొమ్మని మాత్రమే చెప్పారు. రుచి తెలిసినవాడు గనక ఇకమీదట బోధనకు అనర్హుడు. అయినా పద్దెనిమిదేళ్ల మచ్చలేని సేవను దృష్టిలో ఉంచుకుని, ఉద్యోగం నుంచి తీసివేయకుండా, మద్య వ్యతిరేక ప్రచార విభాగంలో వక్తగా వేస్తున్నారు. ఆ విభాగంలో మద్యం గురించి సొంత అనుభవంతో మాట్లాడగల ఉద్యోగి ఇంతవరకు ఒక్కడూ లేడట.

నీలవేణి ఓడ సెప్టెంబరు ఆఖరున కదిలింది. తవిటయ్య ఆ రోజు గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో సభలో ఉన్నాడు.

మామూలుగా ఆ సభలకు పదిహేను మంది వచ్చేవారు, వాళ్లలో ఆరుగురు కుర్చీలు మోసినవాళ్లు. తవిటయ్య ఉపన్యాసం కొత్తగా ఉందని మాట పాకింది. మూడో సభకు రెండు వందల మంది, ఐదో సభకు పక్క ఊళ్లనుంచి బళ్లు కట్టుకుని వచ్చారు. అతను చేసేదల్లా ఒక్కటే. దేన్ని తాగకూడదో మనిషికి సరిగ్గా తెలియాలి కదా అని, తనకు తెలిసిన ఒక్క మద్యాన్నీ ఉన్నదున్నట్టు చెప్పేవాడు. నేరేడు దగ్గర మొదలుపెట్టి, పొగాకు మీదుగా, మట్టి వాసన దాటి ఎండు గులాబీ దగ్గరికి వచ్చేసరికి, చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. చివర్లో, కాబట్టి దీన్ని ముట్టకండి, అనేవాడు. అలా అనేటప్పుడు కళ్లు అరమూసుకునేవాడని చూసినవాళ్లు చెబుతారు.

ఆ రోజు సభ చివర ప్రశ్నలు అడగమంటే, ముందు వరసలో ఒక ముసలాయన కర్ర ఊతంగా లేచాడు.

"బాబూ, తమరు సెప్పిన సరుకు మన సుట్టుపక్కల ఏయే ఊళ్లల్ల దొరకదో, కొంచెం ఇవరంగా సెప్తారా?"

తవిటయ్య నిజాయితీగా ఆలోచించాడు. "మన జిల్లాలో ఎక్కడా దొరకదండి. రాష్ట్రంలోనే దొరకదు. దొరికినా, కొని ఇరవై ఏళ్లు ఆగాలి."

సభ మొత్తం ఒక్కసారి నిట్టూర్చింది. వెనక కూర్చున్న ప్రచార విభాగం గుమస్తా ఆ నిట్టూర్పు విని, నివేదికలో ప్రజల దృఢసంకల్పం అని రాసుకున్నాడు.